వదులుపాట కడిగిన సంగతి

ఆశ్వయుజ బహుళ విదియ

గట్టు మీది వాళ్ళు పంపిన యంత్రం ఈరోజు ఉల్లిపాయల బస్తాలతో పాటు పడవలో వచ్చింది. దానితో ఒక షరతు కూడా వచ్చింది. ఈ యంత్రం పాత పాటలను నిజంగా బాగుచేస్తుందా, ఉన్నదాన్ని పాడుచేస్తుందా అన్నది వాడినవాళ్ళు ఎప్పటికప్పుడు రాసి పంపాలట. సరే, రాస్తాను. పొడినేల మీద కాళ్ళు చాపుకొని ఇది చదవబోయే పెద్దలారా, నా పేరు గరికిన పైడితల్లి. సముద్రం మీద తెప్పలపేటలో పాటల కొట్టు నాది. పేటలో నా అంత మంచి చెవులు ఎవరికీ లేవు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, అందరూ ఒప్పుకున్నదే. ఒప్పుకోనివాళ్ళతో నాకు మాటల్లేవు.

పొద్దున పోటుకి మోకు వదిలి వచ్చి ఇది రాస్తున్నాను. అరచేతులు ఇంకా మండుతున్నాయి. నీళ్ళు పొంగేటప్పుడు ప్రతి తెప్పా తన లంగరు మోకును గిరక మీంచి చుట్టు తర్వాత చుట్టుగా వదలాలి. అన్ని తెప్పలూ ఒక్కసారే వదలాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయిందంటే మధ్యలో వేసిన వంతెన పలకలు పుటుక్కున విరిగిపోతాయి. అందుకే పేటంతా వినపడే బూరాలో వదులుపాట వేస్తాం. పాటతో పాటే చేతులు కదులుతాయి, ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు.

ఆ పాట సూరాడ కాసులమ్మ పాడింది. పేట కట్టిన కొత్తలో ఆమె గిరక తిప్పుతూ పాడుతుంటే ఎవరో చేతిఫోనులో పట్టారు. ఆ ఫోనును ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. మా యంత్రాల్లోకి ఎక్కించిన ఒక్క ప్రతే మిగిలింది. దాచుకునే చోటు తక్కువ కాబట్టి ఏ పాటకైనా ఒకే ప్రతి అని మా పేట కట్టుబాటు. వదులుపాట విషయంలో అయితే మరీ పట్టుదల. రెండు రకాలుంటే ఒకదాని బదులు ఇంకొకటి వేస్తారు, కొంప మునుగుతుంది. మా ఊళ్ళో ఆ మాట ఊరికే అనరు.

కాసులమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె మొగుడు దానయ్య తాత ఉన్నాడు. ఆయనకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. వానలు మొదలైనప్పటి నుంచీ నా కొట్టు గుమ్మంలో కూర్చుని ఒకటే గొడవ.

"పైడీ, ఆ బరబర ఇనపడతంది గానీ అది ఇనపడ్డం నేదే. ఈ సెవి కూడా పోకముందు దాని గొంతు ఒక్కపాలి సుబ్బరంగా ఇనిపించీయే."

యంత్రం కోసం మీకు కబురు మీద కబురు పెట్టింది ఆయన పోరు పడలేకే.

చవితి

పేటలో అప్పుడే దీనికి కడుగుడుపెట్టె అని పేరు పడిపోయింది. మర్యాదకి మాత్రం తక్కువ లేదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఇన్నిసార్లు 'మీరు' అన్నవాళ్ళు లేరు. పాటను ముక్కముక్కగా విడదీస్తుంది, ఒక్కో శబ్దాన్నీ విడిగా వినిపిస్తుంది, ఆ తర్వాత అడుగుతుంది. "ఇది గాలి. ఉంచమంటారా, తీసేయమంటారా?" తీసెయ్. "ఇది చెక్క కిర్రుమంటున్న చప్పుడు." తీసెయ్. "ఇది ఏడుస్తున్న పసిపిల్ల." ఆ పసిపిల్ల ఎవరోగానీ ఈపాటికి పిల్లల తల్లి అయి ఉంటుంది, తీసెయ్. "ఇది మనిషి శబ్దం. పాట కాదు." పాట కానిది నాకెందుకు, తీసెయ్. "ఇక్కడ పాట లేని ఖాళీ ఉంది. కుదించమంటారా?" చరణానికీ చరణానికీ నడుమ ఊరికే పడి ఉన్న ఖాళీలవి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒక పద్ధతీ పాడూ లేదు. అన్నీ సమానంగా కుదించమన్నాను.

పని అయ్యాక ఒక్కదాన్నే విన్నాను. నిజం చెప్పాలి కదా, ఒళ్ళు జలదరించింది. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టుండే మనిషి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

*వదలరా మోకు వదలరా, గంగమ్మ గుండెకు గాలాడనీరా.*

దానయ్య తాతని పిలిచి మంచి చెవిని పెట్టెకి ఆనించి కూర్చోబెట్టాను. మొదటి చరణం అయ్యేసరికి పెద్దాయన గడ్డం వణకడం మొదలెట్టింది. రెండో చరణంలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడ నవ్వుతంది సూడే! నవ్వు దాసుకోని పాడతంది. ఇన్నావా?"

"ఇన్నాను తాతా."

"ఇన్నాళ్ళూ ఈ బరబర ఎనకాల నవ్వుతానే ఉందన్నమాట."

నాకు కూడా కళ్ళు తడిశాయి. ఇంత మంచి పని నా చేతులమీదుగా ఇంతకు ముందు జరగలేదు. పెద్దలారా, మీ ప్రశ్నకు జవాబు రాసేసుకోండి: బాగుచేస్తుంది. పాత ప్రతిని కట్టుబాటు ప్రకారం చెరిపేసి కొత్తది ఎక్కించాను.

పంచమి

పైన రాసిన జవాబు కాస్త ఆపండి.

పొద్దున పోటుకి కొత్త ప్రతి వేశాను. బూరాలో కాసులమ్మ గొంతు ఖంగుమని మోగేసరికి జనం గిరకల దగ్గర నిలబడి ఆహా ఓహో అన్నారు. ఆ తర్వాత మోకు వదలాల్సి వచ్చింది. ఒక తెప్ప మీద గిరక తిప్పే ఎల్లాజీ ముఠా ముందే వదిలేసింది. పక్క తెప్ప వాళ్ళు చేతులు పైకెత్తి అలాగే ఉండిపోయారు. ఆ వెనక తెప్ప వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండు వంతెన పలకలు విరిగాయి. మా సరంగు నూకరత్నమ్మ ఎండుచేపల గంపతో సహా నీళ్ళలో పడింది. సరంగంటే మా పేటకి పెద్ద. ఆవిడని పైకి లాగేదాకా తిడుతూనే ఉంది, లాగాక ఇంకా తిట్టింది.

సాయంత్రం పోటుకి ఇంకా అధ్వాన్నం. మోకు జారి ఎల్లాజీ అరచేతుల తోలు ఊడిపోయింది. అతను పుట్టినప్పటినుంచీ గిరక పట్టినవాడు. కట్టు కట్టించుకుంటూ నా వంక చూసి, "పాట బాగుందే పైడీ. సేతులకే ఎక్కడం నేదు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

సప్తమి

అష్టమి దగ్గర పడింది కాబట్టి పోటు చిన్నదిగా ఉంది. కేకలు వేసుకుంటూ ఎలాగో నెట్టుకొస్తున్నాం. అమావాస్య పోటుకి కేకలు పనికిరావు.

ఈరోజంతా ఎల్లాజీ ముఠాతో కూర్చున్నాను. మోకు ఎప్పుడు వదులుతారని ఒక్కొక్కరినీ అడిగాను. 'వదలరా' అన్న మాట మీద అని ఒకడు. కాదు, చరణం చివర అని ఇంకొకడు. "ఎప్పుడేటి, ఒదిలీసినప్పుడే ఒదుల్తాం," అని మూడోవాడు. వీళ్ళలో ఎవరికీ తెలియదు, అయినా ఇన్నేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదు!

చివరికి విసుగొచ్చి, పాట లేకుండా మనసులో పాడుకుంటూ వదలండి అన్నాను. అందరూ గిరక కర్రలు పట్టుకుని పెదాలు కదుపుతూ తిప్పారు. చరణం అయిపోయి ఉంటుంది. ఎల్లాజీ గొంతులో "ఖహ్" అని సన్నగా దగ్గాడు. తక్షణం అందరూ వదిలేశారు.

"ఎందుకు దగ్గినావు?" అన్నాను.

"నానెప్పుడు దగ్గినాను?"

ముఠా అంతా ఒకటే నవ్వు. పక్క తెప్పకి పోయి అదే చేయించాను. అక్కడా ఒకామె గొంతు సవరించుకుంది, చేతులు వదిలేశాయి. ఆమెకీ తాను దగ్గిన సంగతి తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది. మనిషి శబ్దం, పాట కాదు అని పెట్టె చెప్పింది. తీసెయ్ అన్నది నేనే. పేట పేటంతా ఇన్నేళ్ళూ పాటకి కాదు, ఆ దగ్గుకి మోకు వదులుతోంది.

నవమి

దగ్గే కదా, మళ్ళీ పెడితే పోలేదా అనుకున్నాను. ఎల్లాజీని మైకు ముందు కూర్చోబెట్టాను. దగ్గమంటే దగ్గు రాదు మహానుభావుడికి. వచ్చాక ఆగదు. పాట మీద దగ్గిస్తే వెంటనే తరవాతి మాట వచ్చి మీద పడుతోంది, ఎందుకంటే ఖాళీలన్నీ నేను కుదించేశాను. ఎంత ఖాళీ ఉండాలో ఎవరికీ తెలియదు. ఇంతని ఒకరు, అంతని ఒకరు, ఒక్కో చరణానికి ఒక్కోలా ఉండేదని అందరూ. కడుగుడుపెట్టెని అడిగాను. తీసేసినవి తన దగ్గర ఉండవని ఎంతో మర్యాదగా చెప్పింది.

మధ్యాహ్నం నూకరత్నమ్మ సరంగు కొట్టుకొచ్చింది. వాయుగుండం పడిందని మీ గట్టు నుంచే కబురు వచ్చిందట. గాలీ అమావాస్య పోటూ ఒకేసారి రావచ్చునట.

"ఇంక సాలు. మరొకర్ని పెట్టి కొత్త వదులుపాట పాడిద్దాం. చతుర్దశికల్లా ఎక్కించీ."

"మరి కాసులమ్మ పాట?"

"రెండుండకూడదని నీకు తెల్దేటి? సెరిపీయాల. నాకు మాత్రం సరదాగా ఉందేటే? నా పెళ్ళికి పాడింది అది. పేటలో పసిపిల్లలున్నారు, నాను పాటని సూసుకోనా, పిల్లల్ని సూసుకోనా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కానీ దానయ్య తాతకి ఇంకా కొంచెం చెవి మిగిలి ఉంది. అది ఉండగానే ఆ గొంతు ఈ లోకంలోంచి పోబోతోంది. మళ్ళీ తెచ్చుకుందామన్నా దొరికేది కాదు.

ఏకాదశి

చెప్పకుండా చేద్దామా అని కూడా ఆలోచించాను. సిగ్గేసి ఆయన తెప్పకే పోయాను. వల బాగుచేసుకుంటున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను, గట్టిగా, రెండుసార్లు. వల కన్ను వేస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు సెరుపుతారు?"

"చతుర్దశికి."

తలూపాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. నాకే ఏడుపొచ్చి, ఆ దగ్గేదో దొరికినా బాగుండేది తాతా, అది ఎవరిదో తెలిసినా సరే అన్నాను.

ముసలాయన నా వంక దొంగచూపు చూశాడు. "నాదే."

"ఏటీ?"

"దాని పక్కన గిరక కర్ర పట్టుకున్నది నానే గదా. అప్పుడు సుట్ట ఎక్కువ తాగీవాడిని. ఫోనులో పట్టే ముందు మరీ మరీ సెప్పింది, దగ్గకు మావా, పాట పాడైపోద్ది అని. ఆపుకున్నాను గానీ ఆగింది కాదు. ప్రతీ సరణానికీ దగ్గీసినాను. అంతమంచి పాట నా మూలాన్ని పాడైపోనాదని ఇన్నేళ్ళూ కుమిలిపోనాను. బూరాలో అది వొచ్చినప్పుడల్లా తల దించుకునీవాడిని."

"మరి నేను తీసేశానంటే..."

"అందుకే గదే నీ సెయ్యి పట్టుకున్నాను! నా దగ్గు లేకుండా దాని పాట ఇన్నాను. ఎంత సంతోసమేసిందో నీకేటి తెల్సు."

అయినా బతిమాలాను. ఇప్పుడు మైకు దగ్గర దగ్గవూ, కాసులమ్మ పాట దక్కుతుంది అన్నాను. ఆయన మొహం గట్టిపడింది.

"ఒకపాలి పాడుసేసినాను. మళ్ళీ నాసేత సెయ్యించకు. పోతే సుబ్బరంగా పోనీ."

ఇంత మొండి మనిషిని నేను చూడలేదు. తిట్టి వచ్చేశాను. వచ్చాక కూర్చుని ఏడ్చాను.

త్రయోదశి

కాగితం తడిసింది, అక్షరాలు అలుక్కుపోతే సర్దుకోండి.

గాలి చెప్పిన రోజుకి ముందే వచ్చేసింది. తెల్లారేసరికి ఆకాశం సీసం రంగులో ఉంది, మధ్యాహ్నానికి నీళ్ళు ఉబ్బడం మొదలెట్టాయి. పలకలు తీసేసి పిల్లల్ని నడిమి తెప్ప మీదికి చేర్చాం. కొత్త పాట ఇంకా ఎవరి చేతులకీ ఎక్కలేదు. నూకరత్నమ్మ బూరాలో లెక్క పెట్టి చూసింది, గాలి ఆ అంకెల్ని చింపి పారేసింది. కొన్ని తెప్పలు వదిలాయి, కొన్ని వదల్లేదు. పేట ఒక పక్కకి వంగింది. పక్క తాళ్ళు మూలుగుతున్నాయి.

"కాసులమ్మని ఎయ్యి!" అని సరంగు అరిచింది. "ఆపాల్సిన కాడ సేత్తో ఆపు!"

"ఎంతసేపు ఆపాల?"

"నీ సెవులు గొప్పవి గదేటి!"

వేశాను. ఎక్కడ ఆపాలో తెలుసు, ఎంతసేపో తెలియదు. బొటనవేలు మీట మీద పెట్టి ఆపాను, వదిలాను. తప్పు. కిటికీలోంచి చూస్తే ఎల్లాజీ వాళ్ళ మోకు ఒక్కటే దిగింది.

అప్పుడు తలుపు తోసుకుని దానయ్య తాత వచ్చాడు. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్నాయి. "పేట ఒంకరగా లేస్తందే!" అన్నాడు, చాలా గట్టిగా, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు. నేను ఏదో అంటే నా పెదాలు చూసి చెయ్యి ఊపాడు. నిన్నటి నుంచి రెండో చెవి కూడా పోయిందట. వచ్చి నా పక్కన కూర్చుని పాట అదురు తెలిసేలా అరచేతిని పెట్టె మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉన్నాడు. మరో చేత్తో మైకు తీసుకున్నాడు.

"దీని పాట పాడుసెయ్యడానికే పుట్టినట్టున్నాను," అన్నాడు.

చరణం నడిచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చివరి మాట కాగానే నేను మీట నొక్కాను. పాట ఆగింది. ఆయన దగ్గలేదు. బయట తాడేదో తెగిన చప్పుడు వచ్చింది. దగ్గు తాతా, దగ్గు, అని అరుస్తున్నాను, వినపడని మనిషికి. వేలు మీట మీద బిగుసుకుపోయింది. వదిలేస్తే తప్పు, వదలకపోతే తప్పు.

దగ్గాడు.

వేలు వదిలాను. కాసులమ్మ అందుకుంది. కిటికీలోంచి చూస్తే పేటలో ఉన్న అన్ని మోకులూ ఒక్కసారే ఒక చుట్టు దిగాయి. వంగిన పేట నెమ్మదిగా సర్దుకుంది. ఎల్లాజీ ముఠా నుంచి ఒక కేక లేచింది, అంత గాలిలోనూ నాకు వినపడింది.

రెండో చరణానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఈసారి నాకు భయం వేయలేదు. ఆయన ఛాతీ వంక చూస్తూ ఊరుకున్నాను. ఆయన దగ్గాడు, నేను వదిలాను, ఆమె పాడింది. పాట చివరిదాకా పోయి మళ్ళీ మొదటికొచ్చింది. నీళ్ళు తగ్గేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

కార్తీక శుద్ధ విదియ

అమావాస్య పోటు కూడా అలాగే దాటించాం. ఎవరికీ ఏమీ కాలేదు. కొత్త పాట మాట ఎత్తితే నూకరత్నమ్మ, "ఏ కొత్త పాట?" అంటోంది.

గట్టు మీది పెద్దలారా, మీకు జవాబు ఇవ్వాలి కదా. కడిగితే బాగుపడింది. కడగకపోతే కాసులమ్మ గొంతు ఆ ముసలాయనకి వినపడేది కాదు, ఆ ఒక్క వినికిడికే మీ యంత్రం జన్మ తరించిపోయింది. కడిగితే పాడైంది కూడా. ఈ రెండూ ఒకే రోజు, ఒకే చేత్తో చేశాను, కాబట్టి నన్ను ఒక్క మాటలో రాయమనకండి. మిగిలిన పాటలు కూడా కడుగుతాను. కాకపోతే శబ్దం ఎవరిదో కనుక్కునేదాకా పెట్టెని ఆగమంటాను, దానికి మర్యాద ఎక్కువ కాబట్టి ఆగుతుంది. పాత ప్రతిని, కడిగిన పాట అందరి చేతులకీ ఎక్కేదాకా ఉంచుకునేలా కట్టుబాటు మార్చమని సరంగుని అడిగాను. ఆలోచిస్తానంది.

ఇది మీకోసం కాదు, అయినా రాస్తున్నాను.

ఈరోజు గాలి నిమ్మళించాక దానయ్య తాతని కొట్టుకి తీసుకొచ్చాను. చెప్పాలనుకున్నది అరిచి చెప్పినా ఆయనకి అందదు. అందుకని ఆయన అరచేతిని పెట్టె మీద పెట్టి, పాట వేసి, ఆ చోట మీట నొక్కాను. ఆయన అలవాటుగా కాసేపాగి దగ్గాడు. నేను వదిలాను. తర్వాతి చరణానికి మళ్ళీ ఆపాను. ఈసారి ఆయన కావాలనే దగ్గకుండా నా వంక చూశాడు. నేను వదల్లేదు. ఆయన ఇంకా ఆగాడు. నేను ఇంకా వదల్లేదు.

"ఏటే, నాను దగ్గేదాకా ఆగుతావేటి?"

తలూపాను. వేలితో నన్ను చూపించుకున్నాను, తర్వాత పెట్టెని చూపించాను. నేను ఆగినట్టే కాసులమ్మ కూడా ఆగిందని సైగ చేశాను. ఆ ఖాళీలు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు ఎందుకున్నాయో నాకు ఆ గాలిరోజు, వేలు మీట మీద పెట్టుకుని కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆయన ఆపుకోలేని దగ్గు మాట మీద పడకుండా, అది వచ్చి పోయేదాకా ఆమె ప్రతి చరణానికీ ఆగింది.

ముసలాయన పెట్టె వంక చాలాసేపు చూశాడు. చెయ్యి తీయలేదు.

"ఊపిరి తీసుకుంటందనుకున్నాను," అన్నాడు. "పక్కనే ఉన్నాను గదా, ఇన్నేళ్ళూ ఊపిరే అనుకున్నాను."

మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను.